కోడి లోపల ఊపిరి

ఆగస్టు 4, సోమవారం

బడి మూతపడిన రోజు నేను తెచ్చుకున్నది ఈ ఒక్క హాజరుపట్టీ. పిల్లల పేర్లు ఉండాల్సిన గడుల్లో నా గొడవ రాసుకుంటున్నాను. ఎవరూ చదవరు కనుక అక్షరదోషాలు ఉన్నా ఫరవాలేదు. ఉండవు.

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగం. అందులో పంతొమ్మిదేళ్ళు వైస్ ప్రిన్సిపాల్‌ని. మార్చిలో గేటుకు తాళం పడింది. అప్పటినుంచి నా ఊపిరి సగంలో ఆగుతోంది. పీల్చిన గాలి గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా ఉండిపోతుంది. లోపలికి రాదు, వెళ్ళిపోదు. డాక్టరు గుండె చూశాడు, ఊపిరితిత్తులు చూశాడు, ఏమీ లేదన్నాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు. అయిదు నెలలుగా తీసుకుంటున్నది అదే. పైగా ఆ డాక్టరు ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కల్లో తప్పాడు. అందుకని మఠానికి వెళ్ళి సిస్టర్ ఎస్కొలాస్తికాను అడిగాను.

ఆవిడకు ఎనభై ఆరు. నాకు చదువు చెప్పిన మనిషి. వంకాయ మొక్కలకు నీళ్ళు పోస్తూనే చెప్పింది: లోపలికి పీలుస్తూ "ప్రభువా" అనాలి. బయటికి వదులుతూ "నన్ను కరుణించు" అనాలి. ఎన్నిసార్లు అని అడిగాను. ఊపిరి ఉన్నన్నిసార్లు అంది. ఎన్నాళ్ళకు గుణం కనిపిస్తుంది అని అడిగాను. ఆవిడ నా చేతిలో రెండు వంకాయలు పెట్టింది.

మొదటి ప్రయత్నం: నూటికి నలభై. పాస్ మార్కు డెబ్బై అయిదు.

ఆగస్టు 5

41.

ఆగస్టు 7, గురువారం

చెల్లెలు డెల్ఫినాకూ నాకూ మాటలు లేక ఇవాళ్టికి నాలుగేళ్ళ నాలుగు నెలలు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ముందుగదిలో ఒకే బాలయేసు విగ్రహం. చెప్పవలసింది ఏదైనా ఉంటే అవతలి మనిషికి వినపడేలా బాలయేసుకు చెప్పుకుంటాం. ఇవాళ పొద్దున ఆమె, "చిన్న యేసూ, కొందరు స్నానాలగదిలో వెంట్రుకలు వదిలేస్తున్నారు, వాళ్ళను క్షమించు" అంది. నేను, "చిన్న యేసూ, అవి నెరవని వెంట్రుకలు. నా తల నెరిసి పదేళ్ళయింది. సాక్ష్యం పరిశీలించు" అన్నాను.

ఆయన ఎర్ర అంగీ, బంగారు కిరీటం పెట్టుకుని ఇద్దరి మాటా వింటాడు. ఎవరి పక్షమూ వహించడు.

కారణం రోడెల్. డెల్ఫినాకు ఒక్కగానొక్క కొడుకు. మొగుడు పోయాక వాడిమీదే ప్రాణాలు పెట్టుకుని బట్టలు కుట్టి పెంచింది. ఆఖరి పరీక్షలో బూటులో చీటీతో దొరికాడు. దొరికింది నాకే. బడినుంచి తీసేశాను. నియమం అంటే నియమం. నాకు వేరే దారి లేదు. వాడిప్పుడు ఓడలో వంటవాడు. ఆదివారాలు తల్లికి ఫోన్ చేస్తాడు. అప్పుడామె గది తలుపు వేసుకుంటుంది.

ప్రార్థన: 44. "నన్ను కరుణించు" అనబోయి "ఆమెకు బుద్ధి ఇయ్యి" అని వదిలాను. ఊపిరికి సరిపోయింది గానీ అర్థం మారింది. మూడు మార్కులు తగ్గించాను. అంటే 41.

ఆగస్టు 12, మంగళవారం

ఇంట్లో ఊరికే కూర్చుంటే ఊపిరి ఆడటం లేదు. ఉద్యోగం చూసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఊరి మధ్యనున్న పెద్ద మాల్‌లో తీతా మమింగ్ అనే కాల్చినకోడి హోటల్ వాళ్ళు "వినియోగదారుల సంబంధాలకు మనిషి కావలెను" అని కాగితం అంటించారు. నా సర్టిఫికెట్లన్నీ తీసుకుని వెళ్ళాను.

మేనేజరు రెనాన్. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఒకప్పుడు వీణ్ణి రెండు అరచేతుల్లో రెండు నిఘంటువులు పెట్టి గంటసేపు ఎండలో నిలబెట్టాను. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చో అనేదాకా కూర్చోలేదు. ఆ ఉద్యోగం నిన్ననే ఎవరికో ఇచ్చేశామని బల్లమీదున్న స్టాప్లర్‌తో చెప్పాడు. ఇంకోటి మాత్రం ఖాళీ ఉందట. అర్హత ఒక్కటే: ఎత్తు అయిదడుగులు మించకూడదు. నేను నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఫొటో చూపించాడు. పసుప్పచ్చ బొచ్చు, ఎర్ర తురాయి, పుచ్చకాయంత కళ్ళు. హోటల్ గుర్తు అది. ఇందాయ్ పక్‌పక్ అనే కోడి. ఆ వేషం తొడుక్కుని పిల్లల్ని ఆడించాలట.

"మీరు కాదంటే నేనేమీ అనుకోను మేడం," అన్నాడు.

"అనుకోవడానికి నువ్వెవరు?" అన్నాను.

అలా ఒప్పుకున్నట్టయింది.

సాయంత్రం ఇంటికొచ్చి, "చిన్న యేసూ, వచ్చే సోమవారంనుంచి నేను ఒక ఆహార సంస్థకు ప్రజాసంబంధాల సలహాదారుని. మధ్యాహ్నం భోజనానికి రాను. ఎవరైనా అడిగితే చెప్పు" అన్నాను. వంటగదిలోంచి జవాబు వచ్చింది: "చిన్న యేసూ, ఎవరూ అడగలేదు."

ఆగస్టు 18, సోమవారం

మొదటి రోజు. తొడుక్కోవడానికి పావుగంట పట్టింది. పాదాలు ఒక్కొక్కటీ పడవంత. తోకను నడుముతో ఊపాలి. ముక్కు దగ్గర చిన్న వల ఉంది. అందులోంచే చూడాలి, అందులోంచే గాలి పీల్చాలి. సామాన్లగది గోడకు నియమాలు అంటించి ఉన్నాయి. ఒకటి, కోడి మాట్లాడదు. రెండు, నలుగురిలో తల తీయదు. మూడు, తోక లాగినా కోప్పడదు. ఒక కార్యాలయంలో నియమాలు ఇంత స్పష్టంగా రాసి ఉండటం చాలా ఏళ్ళ తర్వాత చూశాను. మూడోదానిలో అక్షరదోషం ఉంది. దిద్దాను.

తల పెట్టగానే ప్రపంచం ఆగిపోయింది. మాల్‌లో పాటలు, పిల్లల అరుపులు, అన్నీ ఎక్కడో దూరంగా. దగ్గరగా వినిపించింది ఒక్కటే: ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. వెనక్కి తిరిగి చూశాను, అంటే కోడి మొత్తం తిరిగింది. ఎవరూ లేరు. ఆ ఊపిరి నాదే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి విన్నాను.

ప్రభువా. నన్ను కరుణించు. ప్రభువా. నన్ను కరుణించు. ఇరవై నిమిషాలు ఎక్కడా తెగలేదు.

చివర్లో ఒక చిన్నపిల్ల వచ్చి నా మోకాలు కావలించుకుంది. ఎందుకో అర్థం కాలేదు. కదలకుండా నిలబడ్డాను. వాళ్ళమ్మ వచ్చి విడదీసింది.

68.

ఆగస్టు 19

ఇవాళ పదకొండుమంది కావలించుకున్నారు. బడిలో ముప్ఫై మూడేళ్ళలో ఎంతమంది అని లెక్క వేశాను. లెక్క సులభంగానే తేలింది.

ఆగస్టు 20

సిగ్గేమీ లేదు. ఉద్యోగం ఉద్యోగమే. వెనక మెట్లమీదుగా వెళ్ళింది అవి దగ్గర కనుక.

ఆగస్టు 29, శుక్రవారం

నాలుగు గంటలకు కోడి నాట్యం ఉంటుంది. రెండు రెక్కలు, ఒక గంతు, తోక. ఇవాళ గమనించాను: కుడిరెక్క లేచినప్పుడు "ప్రభువా" వస్తోంది, తోక ఊగినప్పుడు "నన్ను కరుణించు" వస్తోంది. ఇది దైవదూషణ అవుతుందేమోనని మనసు పీకింది. సెలవు అడిగి తిన్నగా మఠానికి వెళ్ళాను. ఉద్యోగం అసలు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సిస్టర్‌కు చెప్పాను. పాపసంకీర్తనంలో ఫాదర్‌కు పాపాలు ఒప్పుకున్నట్టే మోకాళ్ళమీద కూర్చుని చెప్పాను.

ఆవిడ అంతా వింది. "దానికి తోక ఉందా?" అని అడిగింది.

ఉంది అన్నాను. పెద్దదా అంది. మూరెడు అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, దావీదు రాజు కూడా దేవుని మందసం ముందు నాట్యమాడాడు కదా అంది. దావీదుకు తోక లేదు సిస్టర్ అన్నాను. పాపం అంది ఆవిడ. ఆ "పాపం" నా గురించో దావీదు గురించో తెలియలేదు.

వెళ్ళేముందు ఇంకో సందేహం అడిగాను. "నన్ను కరుణించు" బదులు "మా చెల్లెల్ని కరుణించు" అనవచ్చునా? నా సంగతి బాగానే ఉంది, అవసరం ఆమెదే. ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "ఎవరి ఊపిరి ఆగుతోందే పురింగ్?" అంది.

నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే మిగిలారు. రెండో మనిషి పిలవడం మానేసింది.

సెప్టెంబరు 9

పూర్తిగా నయమైంది. కోడిలో ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు. ప్రభువుకు స్తోత్రం. ఇక ఈ డైరీ రాయనవసరం లేదు.

సెప్టెంబరు 10

ఇంటి గేటు తీస్తుండగా ఆగింది. గేటు పట్టుకుని నిలబడ్డాను. లోపల డెల్ఫినా కుట్టుమిషను చప్పుడు. మిషను ఆగింది. ఆమె కిటికీలోంచి చూసింది. మళ్ళీ మిషను తిరిగింది.

సెప్టెంబరు 14, ఆదివారం

రోడెల్ ఫోన్ వచ్చింది. తలుపు వేసుకుంది. తలుపు దగ్గరగా పూలకుండీలున్నాయి, వాటికి నీళ్ళు పోయాలి కనుక పోశాను. వాడి ఓడ ఎక్కడో చలిప్రాంతంలో ఉందట. చేతులు పగుళ్ళిచ్చాయట. "పెద్దమ్మ ఎలా ఉంది?" అని అడిగాడు. స్పీకరు పెట్టుకోవడం ఆమె అలవాటు. "ఉంది" అంది డెల్ఫినా.

పూలకుండీలు ప్లాస్టిక్ పూలవి. నీళ్ళు గదిలోకి కారాయి.

నియమం అంటే నియమం. నాకు వేరే దారి లేదు.

సెప్టెంబరు 30

మార్కులు వేయడం మర్చిపోయి రెండు వారాలు దాటింది. ఇవాళ పన్నెండు పుట్టినరోజులు. ఒక తాత తన ఎనభయ్యో ఏడు అని నన్ను నాట్యానికి లాగాడు. తోక తొక్కాడు. కోప్పడలేదు.

అక్టోబరు 11

ఊరంతా నవ్వుముఖాల పండుగ హడావిడి. వీధి వీధికీ నవ్వే ముసుగులు, ఈకలు, డప్పులు. మాల్‌లో జనం కిటకిట. ఒకడు నన్ను పండుగ వేషమనుకుని ఏ పేటనుంచి పోటీ చేస్తున్నావని అడిగాడు. కోడి మాట్లాడదు కనుక బతికిపోయాను.

అక్టోబరు 18, శనివారం

అంతా రాయాలి. వరసగా రాయాలి.

నాలుగో అంతస్తులో పండుగ ఆటపాటలు. కోడి నాలుగింటికల్లా అక్కడ ఉండాలి. కదిలే మెట్లమీద కోడికి ప్రవేశం లేదు, పాదాలు ఇరుక్కుంటాయి. అందుకని లిఫ్ట్ ఎక్కాను. లోపల కాపలా ఉద్యోగి ఒకడు, ఈకల కిరీటాలూ నవ్వుముసుగులూ పెట్టుకున్న ఇద్దరు నాట్యకత్తెలు, నాలుగేళ్ళ పిల్లతో ఒక తల్లి, కేకు పెట్టె పట్టుకున్న ఒకాయన. తలుపు మూసుకోబోతుంటే ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టి లోపలికి వచ్చింది. చేతిలో దారపు ఉండల సంచి. డెల్ఫినా.

ఆమెకు చోటు నా రెక్క పక్కనే దొరికింది. నాలుగేళ్ళలో మేమిద్దరం అంత దగ్గరగా నిలబడలేదు. ఆమెకు తెలియదు. నేను తల తిప్పలేదు.

రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య కరెంటు పోయింది. లిఫ్ట్ ఒక్క కుదుపుతో ఆగింది. మూలన చిన్న దీపం వెలిగింది. కాపలా అతను మీట నొక్కాడు, మాట్లాడాడు, పైనుంచి ఎవరో "కాసేపు ఓపిక పట్టండి" అన్నారు. పది నిమిషాలు పట్టాం. ముసుగులవాళ్ళు ఈకలతో విసురుకున్నారు. కేకాయన చొక్కా బొత్తాలు విప్పుకున్నాడు.

అప్పుడు నా పక్కన ఒక చప్పుడు. గాలి గొంతులోకి వెళ్ళి అక్కడే నిలిచిపోయిన చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఏడు నెలలుగా నాదే. డెల్ఫినా సంచి కింద పడేసి తలుపు సందులో గోళ్ళు పెట్టి లాగుతోంది. కాపలా అతను "అమ్మా, ఆగండి" అంటే అతని చెయ్యి విసిరికొట్టింది. ముఖం మీద చెమట. పెదవుల రంగు మారింది.

కోడి మాట్లాడదు. నలుగురిలో తల తీయదు.

మూడు ఊపిరులు తీసుకున్నాను. మూడూ లెక్కపెట్టాను. ఆ మూడు ఊపిరులు ఎందుకు ఆగానో ఇక్కడ రాయను.

"డెల్ఫినా," అన్నాను.

నా గొంతు బడి మైదానం అవతలికి వినపడే గొంతు. కాపలా అతను అక్కడికక్కడే బిగుసుకుని, "గుడ్ మార్నింగ్ మేడం" అన్నాడు. సాయంత్రం నాలుగు. తర్వాత తెలిసింది, వాడు విర్జిలియో, రెండేళ్ళు తొమ్మిదో తరగతిలోనే ఉన్నవాడు.

డెల్ఫినా మాత్రం లిఫ్ట్ పైకప్పు వైపు చూసింది. "చిన్న యేసూ?" అంది.

"కాదు. నేను. కోడిలో ఉన్నాను."

ఆమెకు అర్థం కాలేదు. ఎవరికైనా ఎలా అర్థమవుతుంది? ఊపిరి ఇంకా అందడం లేదు. నేను రెండు రెక్కలతో తల పట్టుకుని పైకి లాగేశాను. నా జుట్టు చెమటకు అతుక్కుపోయి ఉంది. తల్లి చంకలో పిల్ల నన్ను చూసి ఏడవలేదు. "అమ్మా, కోడిలో అమ్మమ్మ ఉంది" అని నెమ్మదిగా చెప్పింది.

నేను డెల్ఫినా రెండు చేతులూ తలుపునుంచి లాగి నా రెక్కల్లో పెట్టుకున్నాను. "నా వైపు చూడు. ముక్కుతో పీల్చు. పీలుస్తూ ప్రభువా అను. వదులుతూ నన్ను కరుణించు అను. నాతోపాటు." ముందు ఆమెవల్ల కాలేదు. నేను పీల్చాను, వదిలాను. విర్జిలియో పీల్చాడు, వదిలాడు. అతను ఆజ్ఞ అనుకున్నాడు. కేకాయన మొదలుపెట్టాడు. ముసుగుల్లో ఒకామె, మేం వేరే చర్చివాళ్ళం, ఇది కథోలికుల ప్రార్థనా అని అడిగింది. గాలి ఎవరిదైతే వాళ్ళదే అన్నాను. ఆమె ముసుగు తీసి పీల్చడం మొదలుపెట్టింది.

ఎనిమిదిమందిమి. చిన్నపిల్ల కూడా. లిఫ్ట్ పెట్టె ఒక్కటే ఊపిరితిత్తిలా అయింది.

ఎంతసేపటికో డెల్ఫినా పెదవులు కదిలాయి. "ప్రభువా," అంది. గాలి లోపలికి వెళ్ళింది. నేను చూశాను, అది గుమ్మం దాటింది. తర్వాత వదలాలి. ఆమె నా ముఖం చూసింది, మెడ కిందనుంచి మొదలైన పసుప్పచ్చ బొచ్చు చూసింది, పాదాలు చూసింది. "మా అక్క కోడైంది," అని వదిలింది.

నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. ఏడుస్తూ పీల్చింది, వదిలింది, మళ్ళీ నా పాదాలు చూసింది. నలభై నిమిషాలు అలాగే గడిచాయి. కేకాయన కేకు కోశాడు. మీద "బేబీ జానెల్లె" అని ఉంది. పుట్టినరోజు పిల్ల ఇంట్లో ఎదురుచూస్తోందట, ఇంకోటి కొంటానన్నాడు.

తలుపు తెరిచేసరికి బయట రెనాన్, వెనక జనం, ఫోన్లు పైకెత్తి. తల లేని కోడి ఒకటి కేకు తింటూ చెల్లెలి చెయ్యి పట్టుకుని ఉంది.

జీప్నీ బండిలో పక్కపక్కనే కూర్చుని ఇంటికి వచ్చాం. ఇంట్లోకి రాగానే ఆమె అలవాటుగా విగ్రహం వైపు తిరిగి, "చిన్న యేసూ, చేపలు వేయించనా అని అడుగు" అంది. ఆగింది. నా వైపు తిరిగింది. "వేయించనా?" అంది.

వేయించు అన్నాను.

అక్టోబరు 20, సోమవారం

రెనాన్ ఒక కాగితం ఇచ్చాడు. రెండు వారాలు సస్పెన్షన్. కోడి మాట్లాడింది, తల తీసింది. కాగితంలో అయిదు అక్షరదోషాలు ఉన్నాయి. ఎర్రసిరాతో దిద్ది, సంతకం పెట్టి, తిరిగిచ్చేముందు ఇంకోసారి చదివాను. కింద నియమం కూడా అచ్చు వేసి ఉంది: "ఉల్లంఘించినచో హెచ్చరిక గానీ, సస్పెన్షన్ గానీ, మేనేజరు విచక్షణ ప్రకారం."

హెచ్చరిక గానీ.

అది చూపించి, ఇదెందుకు ఎంచుకోలేదని అడిగాను. నాకోసం కాదు, తెలుసుకుందామని. వాడు మళ్ళీ స్టాప్లర్ వైపు చూశాడు.

"మీరు మా మేడం కదా. తేలిగ్గా వదిలేస్తే, పాత టీచరని వదిలేశాడంటారు. నాకు వేరే దారి లేదు మేడం."

కుర్చీలో కూర్చుండిపోయాను. ఊపిరి సగంలో ఆగింది. వాడు మంచినీళ్ళు తెచ్చాడు. మీకేమైనా అయితే నాదే తప్పు అని అన్నాడు. కాదు నాయనా, నువ్వు నేర్చుకున్నదే చేశావు అన్నాను.

అక్టోబరు 21

బడి నియమాల పుస్తకం ఇంట్లోనే ఉంది. తీయనక్కర్లేదు. పద్నాలుగో పేజీ. నాకు కంఠతా వచ్చు.

తీశాను. "మందలింపు, లేదా ఒక నెల నిలిపివేత, లేదా తొలగింపు."

అక్టోబరు 22, బుధవారం

డెల్ఫినా పొద్దున్నే మంచి గౌను వేసుకుని బయలుదేరింది. మా అక్క నా ప్రాణం కాపాడితే శిక్ష వేస్తారా, ఆ మేనేజరు సంగతి తేలుస్తానంది. వద్దన్నాను. "నువ్వు వద్దంటే ఆగే వయసు దాటింది" అంది. నిజానికి ఆమె ఎప్పుడూ ఆగలేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. తేలిందా అని అడిగాను. తేలింది అంది. పండుగ వారం, కోడి లేకపోతే హోటల్ మునిగిపోతుందట, ఎత్తు అడిగారట. ఆమె నాలుగడుగుల పది. రేపటినుంచి చేరుతోంది. నీ ఉద్యోగం నీకే ఉంటుంది, రెండు వారాలే అంది. కొట్లాడటానికి వెళ్ళి ఎవరైనా కోడిగా తిరిగొస్తారా అన్నాను. "నువ్వు వినియోగదారుల సంబంధాలకు వెళ్ళి వచ్చినట్టే" అంది.

సాయంత్రం ముందుగదిలో నేర్పాను. రెక్క, రెక్క, గంతు, తోక. లోపల వేడిగా ఉంటుంది, భయం వేస్తుంది, అప్పుడు ఊపిరినే ఆసరాగా పట్టుకోవాలి అన్నాను. కళ్ళు మూసుకుని ఎలా పీల్చాలో ఆమెకు చూపించాను. "ప్రభువా" దగ్గర ఆమె భుజాలు దిగాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా పక్కలో పడుకున్నప్పుడు ఇలాగే దిగేవి.

రోడెల్ సంగతి ఎవరం ఎత్తలేదు. చేపల గురించి, కరెంటు గురించి, పక్కింటివాళ్ళ గురించి నాలుగేళ్ళ మాటలు మాట్లాడాం.

అక్టోబరు 24

వెళ్ళి చూసి వచ్చాను. నాకంటే బాగా ఆడుతోంది. తోక ఊపడంలో ఆమెకు సహజమైన ప్రతిభ ఉంది. పిల్లలు ఆమె చుట్టూ రెండింతలు ఉన్నారు. నాకేమీ అసూయ లేదు. రెండోసారి గంతు వేసినప్పుడు కాలు కొంచెం ఆలస్యమైంది, అది నేను మాత్రమే గమనించి ఉంటాను.

అక్టోబరు 26, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక హోటల్‌కు వెళ్ళాను. చెప్పాలని నిన్నంతా ప్రయత్నించాను. ఇంట్లో ఆమె ముఖం చూస్తే మాట రావడం లేదు. ఆమె జవాబు చెబుతుందని భయం. కోడి జవాబు చెప్పదు.

కోడితో ఫొటోకు వరస ఉంది. దొంగదారిన ముందుకు వెళ్ళడం నావల్ల కాదు. ముందు తొమ్మిదిమంది పిల్లలు, వెనక ఏడుగురు. నా వంతు వచ్చేదాకా ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాను. ప్రభువా. నన్ను కరుణించు. ఇవాళ మాట మార్చలేదు. నన్నే.

నా వంతు వచ్చింది. కోడి రెక్కలు చాపింది. నేను దాని ముక్కు దగ్గరున్న వలకు నోరు ఆనించి చెప్పాను.

"డెల్ఫినా, రోడెల్ విషయంలో నాకు వేరే దారి ఉంది. మూడు దారులు ఉన్నాయి. సొంత చెల్లెలి కొడుకని వదిలేసిందంటారని—"

అప్పుడు పుట్టినరోజు పాట పెట్టారు. పాట పెడితే కోడి వెళ్ళాలి. కోడి ఒక్క క్షణం నా ముందు ఊగిసలాడి, వెళ్ళి, రెక్క, రెక్క, గంతు, తోక, అంతా చేసింది. ఫొటో తీసే అమ్మాయి మీ వంతు అయిపోయింది మేడం అంది. మళ్ళీ వరస చివరికి వెళ్ళాను. ఈసారి ముందు పద్నాలుగుమంది.

రెండోసారి వచ్చేసరికి నా మాటలన్నీ చిందరవందరగా ఉన్నాయి. మిగిలింది అలాగే చెప్పాను. "అందరిముందూ నేను నిటారుగా నిలబడటానికి వాణ్ణి మెట్టుగా వాడుకున్నాను. వాడికి పద్దెనిమిదేళ్ళు. ఆ రోజు వాడు నా వైపు చూసి పెద్దమ్మా అన్నాడు. మేడం అని పిలవమన్నాను. తప్పు చేశాను. వాడికీ చేశాను, నీకూ చేశాను."

వలలోంచి ఊపిరి వినిపించింది. పీల్చింది. చాలాసేపు వదల్లేదు. వదిలింది. తెగి తెగి వచ్చింది. పుచ్చకాయంత కళ్ళు నా తలమీదుగా ఎటో నవ్వుతూ చూస్తున్నాయి. వెనక పిల్లలు తోసుకుంటున్నారు. ఫొటో అమ్మాయి ఇటు చూడండి అంటోంది.

కోడి రెండు రెక్కలతో నన్ను దగ్గరికి లాక్కుంది. బొచ్చులో నా ముఖం మునిగిపోయింది. వలలోంచి, నాకు మాత్రమే వినపడేలా, నియమానికి విరుద్ధంగా మాట వచ్చింది.

"ఏడిపించకే పురింగక్కా. ఇందులో ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి దూరదు."

నేను వెనక్కి తిరిగి కోడికి అడ్డంగా నిలబడ్డాను. పిల్లల్ని ఎత్తుల ప్రకారం వరసలో నిలబడమన్నాను, పొట్టివాళ్ళు ముందు, మాట్లాడకుండా. నిలబడ్డారు. వాళ్ళ తల్లులు కూడా నిలబడ్డారు. అది పూర్తయ్యేసరికి అయిదు నిమిషాలు పట్టింది. కోడి తల కాస్త పైకెత్తి ముక్కు తుడుచుకోవడానికి ఆమెకు అంత చాలు.